మా పని మీద పిల్లలు రాసిన ప్రాజెక్టు

కరోనా సెలవుల తర్వాత కాలేజీ మళ్ళీ తెరిచిన ఏడాది నన్ను ఆఫీసు నుంచి రెండో అంతస్తుకు, ఎంబీఏ విభాగానికి వేశారు. నా పోస్టు అటెండరు. కాలేజీ బందరులో, ప్రైవేటుది. నా భర్త ఆ కాలేజీ బస్సే నడిపేవాడు, అవనిగడ్డ రూటులో. పనిలో ఉండగా మనిషి పోయినా, రిటైరైనా ఆ ఇంట్లో ఒకరికి పని ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆయన పోయాక అలాగే పెద్ద కరస్పాండెంట్ గారు నన్ను తీసుకున్నారు. కరస్పాండెంట్ అంటే యాజమాన్యం తరఫున కాలేజీ నడిపే మనిషి. ప్రిన్సిపాల్ మాట మీద కూడా ఆయన మాటే చెల్లుతుంది. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, తెలుగు కూడబలుక్కుని చదువుతాను. అందుకని ఇది నేను చెబుతుంటే మా తోడికోడలి కూతురు రాస్తోంది.

అటెండరు పని అంటే టీలు మోయడమే అనుకుంటారు చాలామంది. అది ఒక పని మాత్రమే. సర్క్యులర్ వస్తే క్లాసు క్లాసుకూ తీసుకెళ్ళాలి. లెక్చరర్ గారు చదివి వినిపించి సంతకం పెట్టాక వెనక్కి తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. ఒక్క సంతకం తప్పినా మళ్ళీ మెట్లెక్కాలి. హాజరు పట్టీలు ఉదయం పంచాలి, సాయంత్రం పోగు చెయ్యాలి. పరీక్షల రోజుల్లో జవాబు పత్రాల కట్టలు కట్టి, సీలు వేసేదాకా కదలకూడదు. ఇవన్నీ ఉన్నా, నిజం చెప్పాలంటే, ఆ పనిలో ఎక్కువ భాగం స్టూలు మీద కూర్చుని పిలుపు కోసం చూడడమే. పిలిచినప్పుడు ఉండాలి. అందుకోసం పిలవనప్పుడు కూడా ఉండాలి.

అటెండర్లలోనూ హోదాలున్నాయి. ఆ విభాగంలో నాకు సీనియరు నాగేశ్వరరావు గారు. వరసేమీ లేకపోయినా నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. విభాగం హెడ్ గారి గది ముందున్న స్టూలు ఆయనది, మెట్ల పక్క స్టూలు నాది. మధ్య దూరం పది అడుగులుండదు. అయినా ఆయన సెలవులో ఉన్న రోజు కూడా ఆ స్టూలు మీద నేను కూర్చునేదాన్ని కాదు.

ఎంబీఏ రెండేళ్ళ చదువు. డిగ్రీ అయ్యాక చేస్తారు. గుడివాడ నుంచి, పెడన నుంచి, దివిసీమ ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు. వరండాలో కూర్చుని విన్నంతలో నాకు తెలిసిందేమంటే, మొదటి ఏడాది అందరికీ అన్నీ చెబుతారు. జమాఖర్చులు, చట్టాలు, అమ్మకాలు, నలుగురి ముందు నిలబడి మాట్లాడడం. రెండో ఏడాది విడిపోతారు. కొందరు పెట్టుబడుల వైపు, కొందరు మార్కెటింగు వైపు, కొందరు మనుషుల వైపు. మనుషుల వైపును హెచ్ఆర్ అంటారు. ఎవరిని తీసుకోవాలి, ఏ పనిలో పెట్టాలి, ఎప్పుడు పంపాలి అనేది అందులో నేర్పుతారు. ఆ క్లాసు విమల మేడమ్ గారిది.

మేడమ్ గారు ఆ ఏడాది పిల్లలకి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇద్దరిద్దరు జట్టుగా వెళ్ళి ఏదో ఒక ఉద్యోగాన్ని దగ్గరుండి చూడాలి. ఆ మనిషి చేసే పనులన్నీ రాసుకోవాలి. చివరికి ఆ పనికి ఎంతమంది కావాలో తేల్చి చెప్పాలి. పనిభారం లెక్క అంటారు దాన్ని. కొందరు గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళారు, కొందరు రొయ్యల ప్లాంటుకి. కోడూరు నుంచి వచ్చే హారిక, గుడివాడ ప్రదీప్ ఒక జట్టు. వాళ్ళు వెళ్ళిన రైసు మిల్లులో గుమాస్తా లోపలికి రానివ్వలేదు. తిరిగొచ్చి, ఇంకెక్కడికీ పోయే టైము లేక, మా ఇద్దరి పని చూస్తామని మేడమ్ గారిని ఒప్పించారు.

మొదటి రోజు ప్రదీప్ నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. మేం లేమనుకోండి" అన్నాడు.

"అంత పొడుగు మనిషివి, ఎదురుగా నిలబడి లేననుకోమంటే ఎట్లా బాబూ" అన్నాను.

మేము రోజూలాగా లేము. నేను తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాను. నాగేశ్వరరావు గారు మోకాళ్ళ నొప్పి మనిషి, మామూలుగా లిఫ్టు కోసం ఎంతసేపైనా నిలబడతాడు. అలాంటిది ఒక ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగడం, ఎక్కడం మొదలుపెట్టాడు.

"బాబాయ్, పొద్దున్నించి అదే ఫైలు. దానికి మోకాళ్ళుంటే ఈపాటికి ఏడ్చేది" అన్నాడు ప్రదీప్.

"కదలని ఫైలు, కదలని అటెండరు ఎవరి కంటికీ ఆనర్రా అబ్బాయ్. రాసుకో, ఇది కూడా రాసుకో" అన్నాడాయన.

రెండు మూడు రోజులకి ఇద్దరం అలిసిపోయి మామూలుగా కూర్చున్నాం. వాళ్ళకి కావాల్సింది కూడా అదే. హారిక నెమ్మదస్తురాలు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, ఇలా కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నట్టు రాయమంటారని అడిగింది. పిలుపు కోసం చూస్తున్నానని రాయమన్నాను. వాళ్ళకిచ్చిన కాగితంలో అలాంటి గడి లేదని చెప్పింది. పని అని ఒక గడి, ఖాళీ అని ఒక గడి ఉన్నాయట. ఖాళీలో వేసింది.

లెక్క పూర్తయ్యాక ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం చేసే పని ఒక మనిషికి కాస్త ఎక్కువ, ఇద్దరికి చాలా తక్కువ అని తేలిందట. మర్నాడు సెమినార్ హాల్లో చదివి వినిపించాలి. కొత్త కరస్పాండెంట్ గారు, అంటే పెద్దాయన కొడుకు, వినడానికి వస్తున్నారు. ఆ ఏడాది సీట్లు నిండలేదు, ఎక్కడ ఖర్చు తగ్గించాలా అని చూస్తున్నారని కాలేజీలో అందరికీ తెలుసు. ఒకరిని తీసేయాల్సి వస్తే ఆఖరున చేరినవాళ్ళని ముందు తీస్తారు. ఆ ఇద్దరిలో ఆఖరున చేరింది నేను.

నేను భయం దాచుకోలేదు. "మార్చి రాయి" అన్నాను.

"కాగితాలన్నీ మేడమ్ దగ్గరున్నాయి ఆంటీ."

"లేకపోతే మార్చేదానివా?"

ఆ పిల్ల తల దించుకుంది. "మార్చను ఆంటీ. చూసింది అదే కదా."

"మరి నాకెందుకొచ్చి చెప్పావు? రేపు అందరితోపాటు వినేదాన్ని."

"మీ గురించి మీకు చెప్పకుండా అక్కడ చదవడం బాగోదని."

"బాగోకపోతే ఒక పూట బాగోదు తల్లీ. నాకు ఉద్యోగం పోతే రోజూ బాగోదు" అన్నాను. నా గొంతు అసలే గరుకు, వరండా అంతా వినపడింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కోడూరు బస్సు ఎక్కేముందు నాకు చెప్పి వెళ్ళలేదు, నేను కూడా పలకరించలేదు.

సెమినార్ పద్ధతి ఏమిటంటే, ఒక్కో జట్టు తెర మీద బొమ్మలు, లెక్కలు చూపిస్తూ చెప్పాలి. తర్వాత ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. చెప్పిన విషయానికి కొన్ని మార్కులు, చెప్పిన తీరుకి కొన్ని, జవాబులకి కొన్ని. నేను, నాగేశ్వరరావు గారు టీ ట్రేలతో వెనకాల నిలబడ్డాం. మా వంతు వచ్చింది. మా వంతు అనే అనాలి, తెర మీద ఉన్నది మేమే. పేర్లు లేవు. అటెండరు ఒకటి, అటెండరు రెండు. రెండోది నేను.

ప్రదీప్ లెక్కలు చదవడం అయ్యాక కరస్పాండెంట్ గారు తలాడించి, "అంటే ఒకరు చాలన్నమాట" అన్నారు.

"ఇంకో పేజీ ఉంది సార్" అంది హారిక.

ఆ పేజీ ముందురోజు నాకు చెప్పలేదు. నా దగ్గర నుంచి వెళ్ళాక రాసిందని తర్వాత ప్రదీప్ చెప్పాడు. అందులో ఉన్నది ఇది. పోస్టు వేరు, ఆ పోస్టులో ఉన్న మనిషి వేరు. పోస్టు ఎక్కువైనంత మాత్రాన మనిషిని పంపనక్కర్లేదు. సీనియర్ అటెండరు వచ్చే ఏడాది రిటైరవుతారు. అప్పుడు ఆ ఖాళీ నింపకపోతే సరిపోతుంది. మనిషి లేక లైబ్రరీ మధ్యాహ్నమే మూసేస్తున్నారు. ఇప్పుడున్న ఖాళీ సమయంలో రెండో అటెండరుని అక్కడ కూర్చోబెడితే ఆఖరి బస్సు దాకా తెరిచి ఉంచొచ్చు.

కరస్పాండెంట్ గారికి బాగా నచ్చింది. మేడమ్ గారి వైపు తిరిగి, మీ పిల్లలు గట్టివాళ్ళే అన్నారు. నా ఉద్యోగం ఉంటుందని అప్పుడు నమ్మకం కుదిరింది.

నాగేశ్వరరావు గారు ట్రే బెంచీ మీద పెట్టి ముందుకి నడిచాడు. అటెండర్లు ఆ హాల్లో మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యా, ఒక్క మాటండీ. నా తర్వాత మా అబ్బాయి సురేషుని తీసుకుంటానని పెద్దాయన మాటిచ్చారండీ. ఆ మాట పట్టుకుని వాడు ఎక్కడా కుదురుకోకుండా కనిపెట్టుకుని ఉన్నాడండీ."

కరస్పాండెంట్ గారు కోప్పడలేదు. హారికని చూసి, "ఇది మీ రిపోర్టులో ఉందామ్మా?" అని అడిగారు.

"లేదు సార్. పనిలో ఉన్నవాళ్ళనే చూశాం. రాబోయేవాళ్ళని అడగాలని తోచలేదు" అంది.

"సరే, చూద్దాం నాగేశ్వరరావూ" అన్నారాయన. అలాంటి చోట చూద్దాం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

వారం తిరక్కుండా నన్ను మధ్యాహ్నాలు లైబ్రరీకి వేస్తూ ఆర్డరు వచ్చింది. పుస్తకాల వీపు మీద అంకెలుంటాయి కాబట్టి నాకు ఇబ్బంది కలగలేదు. మరుసటి వేసవిలో నాగేశ్వరరావు గారు రిటైరయ్యారు. శాలువా కప్పారు, అందరూ నాలుగు మంచి మాటలు చెప్పారు, ఫొటో దిగారు. ఆ స్టూలు తీసి స్టోరు గదిలో పెట్టారు. సురేష్ కొన్నాళ్ళు గిలకలదిండిలో పడవలకి ఐసు ఎత్తాడు, ఇప్పుడు నాగాయలంకలో రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటున్నాడు. ఇంట్లో ఒకరికి పని అనే ఆనవాయితీ అక్కడితో ఆగింది. దాని మీద ఆఖరున లోపలికి వచ్చినదాన్ని నేనే.

సెమినార్ నుంచి రిటైరయ్యేదాకా ఆయన నాతో పనికి అవసరమైనంతే మాట్లాడాడు. ఒక్కసారి మాత్రం కట్టలు కడుతూ అన్నాడు. "నువ్వు రాయించావని నేననను చెల్లెమ్మా. నీకు మేలు జరిగింది, మావాడికి జరగలేదు. అంతవరకే అంటాను." అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

ప్రాజెక్టు అక్కడితో అయిపోదు. దాన్ని పుస్తకంలా బైండు చేయించి, చివర్లో బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. దాన్ని వైవా అంటారు. ఆ పుస్తకంలో పరిమితులు అని ఒక పేజీ ఉండాలి. అంటే ఈ పనిలో మేం చెయ్యలేకపోయింది ఇదీ అని చెప్పుకోవడం. దాన్ని ఎవరూ సొంతంగా రాయరు, పై క్లాసువాళ్ళ పుస్తకంలోంచి దించేస్తారు. సమయం చాలలేదు, అడిగినవాళ్ళు సరిగా చెప్పలేదు అని ఏటా అవే మాటలు. లైబ్రరీలో వాళ్ళు నవ్వుకుంటూ దించడం నేనే చూశాను.

హారిక దించలేదు. ఒక ఆదివారం నాగేశ్వరరావు గారింటికి వెళ్ళిందట. ఆయన అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడి పంపాడట, మంచినీళ్ళిచ్చాడు గానీ లోపలికి రమ్మనలేదట.

వైవా రోజు పిల్లల సంతకాల పట్టీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడడం నా డ్యూటీ. ఎగ్జామినర్ గారు తెల్ల జుట్టాయన, తెలుగువారే. ఆ పేజీ దగ్గర ఆగి, ఇదేమిటి, తెలుగులో చెప్పమ్మా అన్నారు. ఆ పిల్ల చెప్పింది. ఈ ఉద్యోగం కోసం కనిపెట్టుకుని ఉన్న మనిషి ఒకతనున్నాడు. అతన్ని అడగకుండానే ఆ పోస్టు తీసేయమని మేం సలహా ఇచ్చాం. మా పనిలో ఇది లోపం.

"అడిగి ఉంటే మీ సలహా మారేదా?" అన్నారాయన.

"మారేది కాదేమో సార్. పని ఒక్కరికే ఉంది. కానీ వాళ్ళ నాన్నగారు టీ ట్రే పట్టుకుని నిలబడి ఆ మాట వినాల్సి వచ్చేది కాదు. ముందే ఇంటికి వెళ్ళి చెప్పేవాళ్ళం."

ఆయన పేజీ తిప్పారు. మార్కులెన్ని వేశారో నాకు తెలియదు. ఆ తర్వాత హారిక విజయవాడలో ఏదో కంపెనీలో హెచ్ఆర్‌లో చేరిందని విన్నాను.

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. మా వీధిలో పిల్లల్ని ఆ చదువుకి పంపాలనుకునేవాళ్ళు, అక్కడ ఏం నేర్పుతారో నువ్వు చూశావుగా అని అడుగుతుంటారు. మనుషుల పనిని కొలవడం నేర్పుతారు. ఆ కొలత ఊరికే తీసేయదగ్గది కాదు. మా విషయంలో సరిగ్గానే వచ్చింది, నేను మార్చమన్నా మారలేదు, మారకపోవడమే సరైంది. ఒకరికి నష్టం తప్పించడం కూడా నేర్పుతారు. నాకు తప్పించారు. అయితే ఆ నష్టం మాయం కాలేదు, ఆ రోజు హాల్లో లేని ఇంకొకడి మీదికి వెళ్ళింది. అతనెవరో వెతికి, ముందుగా వెళ్ళి చెప్పడం ఆ రెండేళ్ళ పుస్తకాల్లో ఉందో లేదో నేను చదవలేదు. హారిక మాత్రం దాన్ని నాగేశ్వరరావు గారి అరుగు మీద నేర్చుకుంది.