ఈస్టర్ నాటి డబ్బా ఖాళీగా తిరిగి ఇచ్చాను

మా ముత్తాత హంపిరెడ్డి చోరనూరు చుట్టుపక్కల పల్లెలకు పెద్దమనిషి. తగవు తీర్చమని కొండల అవతలి నుంచి కూడా ఎద్దుబండ్లు మా వాకిట్లోకి వచ్చేవట. మా తాత తిమ్మారెడ్డి కళ్ళంలో కూలీలందరికీ గింజలు కొలిచాకే ఇంటికి మూటలు తెచ్చేవాడు. మా నాయన పొలాలన్నీ పోగొట్టుకున్నాడు గానీ, ఇస్త్రీ పంచె లేకుండా వీధిలోకి రాలేదు. నేను రాఘవరెడ్డిని. బళ్ళారిలో జీన్స్ కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. కప్పగల్లులో అద్దె ఇంట్లో ఉంటాను.

గొప్ప కోసం ఇది రాయడం లేదు. మా ఇంటి నియమం ఒకటి తెలియకపోతే నా జబ్బు సంగతి మీకు సగమే అర్థమవుతుంది. ఎవరింటి నుంచి గిన్నె వచ్చినా మేము దాన్ని ఖాళీగా తిరిగి పంపం. పిడికెడు బెల్లమో, రెండు నిమ్మకాయలో వేసి పంపుతాం. ఒకసారి ఇంట్లో ఏమీ లేకపోతే మా అవ్వ పక్కింటి గిన్నెను వారం రోజులు దాచింది, అడిగినా ఇవ్వలేదు.

రెండేళ్ళ కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, యూనిట్‌లో మిషన్ల వరసల మధ్య నడుస్తున్నాను. వెనక నుంచి ఒకామె పిలిచింది.

"సార్, నీ చెప్పు ఆడే ఉండాది."

తిరిగి చూస్తే ఎడమ చెప్పు నాలుగడుగుల వెనక పడి ఉంది. అది జారిన సంగతి నా కాలికి తెలియలేదు.

పిలిచినామె సుగుణమ్మ. జిప్పులు కుట్టే వరసలో పనిచేస్తుంది, మా సందులోనే ఉంటుంది. వాళ్ళు క్రైస్తవులు. అంతకు ముందు ఏడాది గుడ్ ఫ్రైడేకు ఆమె సెలవడిగితే, ఆర్డర్ ఉందని నేను ఇవ్వలేదు. వాళ్ళ అవ్వ మా తాత కళ్ళంలో పనిచేసిన మనిషి. ఆమెకు దాహమైతే మా అవ్వ చెంబు పైకెత్తి, దోసిట్లోకి నీళ్ళు పోసేది. చిన్నప్పుడు నేను చూశాను.

చెప్పు సంగతి ఎవరికీ చెప్పలేదు. మరునాటికి పాదాలు మొద్దుబారాయి, ఆ మరునాటికి మోకాళ్ళ దాకా పాకింది. గోడ పట్టుకుని నడుస్తూ, నడుము నొప్పి అని నా భార్య సరోజకు చెప్పాను. నాలుగో రోజు పొద్దున స్నానాల గదిలో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. అప్పుడు ఆటో పిలిచారు.

ఆస్పత్రిలో న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాలి మీద తట్టాడు. కాలు కదలలేదు.

"ఎన్ని రోజులైంది?"

"మూడు."

"మూడు రోజులు ఏం చేస్తా ఉన్నారు?"



నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులో సూది పెట్టి నీరు తీశారు. గిలియన్ బారీ సిండ్రోమ్ అన్నారు, జీబీఎస్ అని కూడా అంటారట. ఒంట్లోని ఇమ్యూనిటీయే నరాల మీది పొరను తినేస్తుందట. ఐవీఐజీ మందు ఐదు రోజులు ఎక్కించారు. మూడో రోజుకే ఊపిరి తేలిపోయింది. ఐసీయూ, వెంటిలేటర్. గొంతులో పైపుతో, కనురెప్పలు తప్ప ఏమీ కదపలేని మనిషిగా తొమ్మిది రోజులు పడుకున్నాను.

పైపు తీశాక డాక్టర్‌ను అడిగాను. "కాళ్ళు ఎప్పుడు వస్తాయి? నేనేం చెయ్యాలి?"

"నరాలు వాటంతట అవే వస్తాయి రెడ్డిగారూ. అంతవరకు మిమ్మల్ని కాపాడేదే మా పని. మీరు చేసి రప్పించేది కాదు."

ఏమీ చెయ్యకుండా మనిషికి దక్కేది ఒకటుంటుందని నేను అంతకు ముందు వినలేదు. ఆ మాట నన్ను వదలలేదు.

ఇంటికి పంపేటప్పుడు ఆయన ఇంకొకటి చెప్పాడు. "రోజూ రెండు పూటలా మడమ వంచాల, పట్టుకుని నిలబెట్టాల. లేకుంటే నరం వచ్చేలోపల మడమ బిగుసుకుపోతుంది. అప్పుడు నరం వచ్చినా మీరు నడవలేరు."

సరోజకు నడుములో డిస్క్ జారి ఉంది, ఒక్కతే నన్ను లేపే స్థితిలో లేదు. మనిషిని పెట్టుకునే స్తోమత మాకు లేదు. ఆ సాయంత్రమే సుగుణమ్మ వచ్చింది. "నేను చేస్తాలే అక్కా. పడకలో ఉన్న మా అత్తకు రెండేండ్లు చేసినా" అంది.

వద్దన్నాను. మరునాడూ వచ్చింది, వద్దన్నాను. మూడోసారీ అంతే. రుణం తీర్చలేని చెయ్యి నా ఒంటి మీద పడకూడదనుకున్నాను. వారం గడిచేసరికి మడమ కొయ్యలా అయింది. సరోజ దాన్ని వంచబోయి, వంగక, చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఆదివారం ఈస్టర్. తెల్లవారక ముందే సందులో పాటలు వినిపించాయి. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుని వస్తారట. కాస్త పొద్దెక్కాక సుగుణమ్మ స్టీలు డబ్బాలో కోడిపలావు తెచ్చింది. ఆమె వేళ్ళకు ఇంకా మైనం అంటుకుని ఉంది. సరోజ తినిపిస్తుంటే నాకు పొలమారింది. సుగుణమ్మ గ్లాసు, చెంచా తీసుకుంది.

"నోరు తెరువప్పా. మా అవ్వ చెప్పేది, మీ ఇంట్లో నీళ్ళు శానా పైనుంచి పడతాయని. నేను దగ్గర్నుంచే పోస్తా."

యూనిట్‌లో నన్ను సార్ అనేది. మంచం దగ్గర అప్పా అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో గమనించలేదు. నోరు తెరిచాను.

ఆమె వెళ్ళాక సరోజతో డబ్బా కడిగించి, అందులో మా తాత వెండి చెంబు పెట్టించి పంపాను. కాసేపటికే సుగుణమ్మ డబ్బా పట్టుకుని తిరిగి వచ్చింది.

"ఇదేందప్పా?"

"మా ఇంటి నియమం. డబ్బా ఖాళీగా పోకూడదు."

"నేనేమన్నా అంగడి పెట్టినానా? మా యేసయ్య సచ్చి లేచినాడని సుమ్నె, ఉత్తగానే వండి పంచినా. దానికి బదులంటే నువ్వు సచ్చి లేయాల. అయితాదా నీతో?"

సరోజకు నవ్వు ఆగలేదు. నెల రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. సుగుణమ్మ చెంబు తీసి మంచం మీద పెట్టి, ఖాళీ డబ్బాను నా చేతి పక్కన పెట్టింది.

"ఇప్పుడియ్యి. నీ చేత్తోనే ఇయ్యి."

వేళ్ళు పట్టడం లేదు. ముంజేతితో డబ్బాను ఆమె వైపు నెట్టాను. రెండంగుళాలు పోయింది. అంత సిగ్గు నాకు ఎన్నడూ కలగలేదు, బెడ్‌పాన్ పెట్టిన రోజు కూడా. ఆమె డబ్బా చంకలో పెట్టుకుని, మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చుని, నా మడమను అరచేతిలోకి తీసుకుంది. నేను వద్దనలేదు.

రోజూ యూనిట్‌కు పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నీకు సెలవు ఇవ్వలేదు కదా నేను. ఎందుకొస్తున్నావు?"

"ఆ పొద్దు నీ మీద శానా కోపమొచ్చినాది. ఇప్పుడూ ఉండాది. దానికీ దీనికీ ఏం సంబంధం? కాలు వదులుగా పెట్టు."

వాళ్ళ పాస్టర్ నన్ను చూడవచ్చినప్పుడు ఆయన్నీ అడిగాను. "మీరు కృప అంటారే, అదేమిటి?"

"అర్హత లేనోడికి దేవుడు ఉత్తగా ఇచ్చేది సార్. ఈస్టర్ అంటే అదే. మనం ఏం చేసినామని ఆయన లేచినాడు?"

"ఉత్తగా తీసుకుంటే మా ఇంట్లో ముష్టి అంటారు."

ఆయన నొచ్చుకోలేదు. "ముష్టి ఏసేటోడు నిలబడి ఏస్తాడు సార్. మా యేసయ్య సచ్చే ముందు కింద కూసొని శిష్యుల కాళ్ళు కడిగినాడు."

నా కాళ్ళ దగ్గర సుగుణమ్మ కూర్చునే ఉంది. ఆమె వైపు చూడలేక, ఇంకో ప్రశ్న వేశాను. "ఉత్తగా వచ్చేదైతే ఈ వ్యాయామమంతా ఎందుకు?"

పాస్టర్ ఆలోచించుకునేలోపలే ఆమె అందుకుంది. "కాళ్ళొచ్చేది ఉత్తగానే. నడిచేది నువ్వే కదప్పా. ఊరేగిస్తారా ఏంది నిన్ను?"

వానలు మొదలయ్యాక ఒక ఉదయం కుడి బొటనవేలు కదిలింది. దసరాకు ఇద్దరు ఆడవాళ్ళ మధ్య వాకర్‌తో వాకిలి దాకా వచ్చాను. మధ్యలో ఒకసారి పడి మణికట్టు విరిగింది, నెలన్నర వెనక్కి పోయాను. ఇప్పుడు సగం పూట పనికి వెళుతున్నాను. ఎడమ పాదం ఇంకా పూర్తిగా లేవదు. డాక్టర్ అది ఇంతవరకే రావచ్చన్నాడు.

ఈ ఏడు ఈస్టర్‌కు వాళ్ళతో పాటు సమాధుల దగ్గరకు వెళ్ళాను. నేను మతం మారలేదు. చూడాలనిపించింది, అంతే. సుగుణమ్మ వాళ్ళ అవ్వ సమాధి మీద కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే, నా చేతులు అడ్డం పెట్టమంది. పెట్టాను. కృప అంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను. తీసుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే అని మాత్రం తెలిసింది.

చదివేవారికి ఒక్క మాట. పాదాల్లో మొద్దుబారడం మొదలై పైకి పాకుతుంటే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. మూడు రోజులు దాచకండి.

వెండి చెంబును, బొటనవేలు కదిలిన ఆ వానాకాలంలోనే బళ్ళారిలో అమ్మి, వాకర్, పాదం వాలిపోకుండా కట్టే స్ప్లింట్ కొన్నాం. చోరనూరు ఇంటి నుంచి మాకు వచ్చిన వస్తువుల్లో అదే చివరిది.