దొర వీలునామా

కువైట్ యుద్ధం జరిగిన చలికాలంలో నేను సౌదీలోని ఉనైజాలో ఒక ఖర్జూర తోటకు ఇంజనీరును. బోర్లు, మోటార్లు నా పని. అది చాలదన్నట్టు, రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మా వీసాలకు పూచీ పడ్డ యజమాని, అంటే మా కఫీల్‌కు పుస్తకం చదివి చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. ఆయన ఊళ్లో పెద్దమనిషి, అధికారుల దగ్గర ఊరి తరఫున మాట్లాడేవాడు. అది అమెరికాలో చదివే ఆయన కొడుకు పంపిన ఇంగ్లీషు పుస్తకం. ఇంగ్లండు రాజు మీద అమెరికావాళ్లు తిరగబడిన కాలంలో, పొగాకు తోటలున్న ఒక దొర రాజకీయాల్లోకి దిగి, స్వేచ్ఛ కోసం సభల్లో గొంతు చించుకున్న కథ. నా అరకొర అరబీకే కఫీల్ మురిసిపోయేవాడు. పక్కన రేడియోలో కువైట్ విముక్తి కబుర్లు. ఆయన సొరుగులో మా అందరి పాస్‌పోర్టులు.

చెట్లెక్కే పనికి జగిత్యాల నుంచి వచ్చిన ఒకడుండేవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ని. భార్య కడుపుతో ఉండగా వచ్చి ఐదేళ్లయింది, కూతురిని చూడలేదు. దేశం దాటేందుకు కఫీల్ సంతకం పెట్టాల్సిన ఎగ్జిట్ కాగితం అడిగినప్పుడల్లా ఏదో ఒక అడ్డు. ఈసారి మగపూత రెబ్బల్ని ఆడచెట్ల పూతలో కట్టే కాలం వచ్చిపడింది. దానికి చేయి తిరిగినవాడు కావాలి, లేకపోతే కాపు ఉండదు.

"ఆ దొరకు పనోళ్లుండిరా సారూ?" అని అడిగాడొకరోజు, పుస్తకం కథ నా నోట విని.

"బానిసలు. డబ్బిచ్చి కొన్నవాళ్లు."

"అందర్ని ఇడిసిపెట్టిండని చెప్పు సారూ. నీ మాట మస్తు ఇంటడు. నా కాయితం మీద సంతకం పెడ్తడేమో."

మర్నాడు ఆ ఘట్టమే వచ్చింది. బానిసత్వం పాపమని దొర ఉత్తరాలు రాశాడు. రాస్తూనే చచ్చేదాకా వాళ్లచేత చాకిరీ చేయించుకున్నాడు. తన తర్వాత వదిలేయమని వీలునామాలో రాశాడు. నేను ఒక్క మాట మారిస్తే సరిపోయేది. పుస్తకంలో లేనిది చెప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. నా పాస్‌పోర్టూ ఆ సొరుగులోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"తెలివైనవాడు. తోటా నిలిచింది, పుణ్యమూ దక్కింది" అన్నాడు కఫీల్. తర్వాత నా ముఖం చూసి, "అలసిపోయావు ఇంజనీరూ, రెండు నెలలు ఇంటికి వెళ్లిరా" అని నా కాగితం మీద సంతకం పెట్టాడు. నేను అడగలేదు. వద్దనీ అనలేదు. నిజంగానే అలసిపోయి ఉన్నాను, సిగ్గుపడే ఓపిక కూడా లేనంతగా.

అన్న నడుముకు తాడు కట్టుకుని చెట్టు మీదున్నాడు. దొర సంగతీ, నా సెలవు సంగతీ కింద నుంచే చెప్పాను. చేతిలో ఉన్న పూత రెబ్బను కట్టి ముడి బిగించాడు. "పైలంగ పోయిరా సారూ" అన్నాడు చివరికి. సాయంత్రం ఖర్జూరం డబ్బా తెచ్చి, "మా బిడ్డకియ్యి" అన్నాడు.

ఇచ్చాను. జగిత్యాల అవతల ఒక పెంకుటిల్లు. గడపలో నిలబడ్డ పిల్ల అరబీ అక్షరాల డబ్బాను, నన్ను మార్చి మార్చి చూసి నా వేలు పట్టుకుంది.

"నాయినా, మల్ల పోతవా?"

మీ నాయినను కాదు తల్లీ అన్నాను. అక్కడా ఉన్నది ఉన్నట్టే చెప్పాను.