ప్రాయంలో ఉన్న బుల్డోజరప్ప

ఆ రోజుల్లో మా బళ్లారిలో ముసలివాళ్లే లేరు. యాభై దాటిన ప్రతి మగవాడూ తాను సరిగ్గా ప్రాయంలో ఉన్నానని నమ్మేవాడు. ఆ నమ్మకం సండూరు కొండల్లోంచి లారీలకొద్దీ దిగుతూ ఉండేది. నిన్నటిదాకా మిరపచేలో ఎద్దుల్ని తిట్టుకున్న పెద్దమనిషి ఇనప గనుల ఎర్రరాయి మోసే లారీ ఒకటి కొనగానే, తెల్లచొక్కా తొడిగి, పలుపుతాడంత గొలుసు మెడలో వేసుకుని, ప్రపంచంలోని సకల విషయాల మీదా అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టేవాడు. (మధ్యాహ్నానికి చొక్కా కావిరంగుకు తిరిగేది. అభిప్రాయం మాత్రం పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉండేది. దుమ్ము నిలవడానికైనా ఏదో ఒక సరుకు ఉండాలి కదా!)

మా లారీ మామ అటువంటి ప్రాయస్థుల్లో మొదటి వరసవాడు. మా నాయన నా చిన్నప్పుడే పోవడంతో, అమ్మకు అన్నగా మా ఇంటి పెద్దరికమంతా ఆయనదే. హొసపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. లారీలు కొండ మీద లోడు కోసం వరసలో నిలబడి ఉంటే, ఓనర్లు షెడ్డులో పెద్ద టీవీ ముందు కూర్చునేవాళ్లు. అందులో పాత బాక్సింగ్ పోటీలు చూపించే చానలు ఒకటి వాళ్ల కంటపడింది. మెట్లెక్కితే ఆయాసపడే మనుషులు కాబట్టి వాళ్లకు నచ్చింది హెవీవెయిట్ ఒక్కటే. విదేశీ పేర్లు ఎవరి నోటికీ తిరగక సొంత పేర్లు పెట్టారు. నలుపు తెలుపు బొమ్మల కాలంలో, మునివేళ్ల మీద ఎగురుతూ ఎదుటివాడిని అలసిపోయేదాకా తిప్పి తర్వాత కొట్టేవాడు నాట్యప్ప. రంగుల కాలంలో, గంట మోగగానే మీద పడి, చూసేవాళ్లు టీ గ్లాసు ఎత్తేలోపల పని ముగించేవాడు బుల్డోజరప్ప. ఒకడు చేతి తొడుగులు విప్పేసిన చాలాకాలానికి రెండోవాడు వేసుకున్నాడు. అంటే వాళ్లిద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు, పడబోరు. సరిగ్గా అందుకే మా వాళ్లకు అది పనికొచ్చింది. "ఇద్దరూ మంచి ప్రాయంలో ఉండి తగులుకుంటే ఎవురు గెలుస్తారు?" అనే ఒక్క ప్రశ్న మీద ఆ షెడ్డులో ఏళ్లు గడిచాయి. ఓడిపోయే భయం లేని వాదన ఎంత తిన్నా తరిగేది కాదు. లారీలతోపాటు ఆ పేర్లూ ఆ ప్రశ్నా జిల్లా అంతా తిరిగాయి.

నేను అప్పుడు ఒక దినపత్రికలో కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగిని. బాక్సింగ్ గురించి నాకు తెలిసిందల్లా, ఏజెన్సీ పంపిన వార్తను నాలుగు లైన్లకు కుదించి, చివర "మట్టి కరిపించాడు" అని చేర్చడం. (పోటీ జరిగే చోట మట్టి ఉండదని నాకు చాలాకాలం తెలియదు.) అయినా పేపరులో పనిచేస్తాను కాబట్టి మామ దృష్టిలో నేను నిపుణుణ్ని. పెద్ద మాటలు తెలిసినవాడి మొహం పెట్టుకుని తిరిగేవాణ్ని కూడా. షెడ్డులోని మూర్ఖులను లోలోపల ఎంత తక్కువగా చూసేవాణ్నో, వాళ్లు పోసే టీ అంత ఎక్కువగా తాగేవాణ్ని.

ఇటువంటి సమయంలో నాకు కుడతినిలో సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి కరెంటు కేంద్రంలో టర్బైన్ల దగ్గర పని. సన్నగా, నిదానంగా ఉండే మనిషి. మా ఇంట్లో ఆయన్ను కుడతినాయన అనేవాళ్లం. పెళ్లిచూపుల్లో నేను గొప్పకోసం మా పేపరు తీసుకుపోతే, ఆ అమ్మాయి తిరగేసి, "దీంట్లో మీరు రాసింది యాడుండాది?" అని అడిగింది. ఒక మూల నాలుగు లైన్లు చూపించాను. "ఇంతేనా?" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఈ సంబంధం తప్పిపోతే నేను బతికి ఏం లాభం అనిపించింది.

వక్కాకు మార్చుకునే రోజు వచ్చింది. మా వైపు పెద్దగా మామ ఆకు, వక్క, పసుపు, కొబ్బరికాయ పెట్టిన ఇత్తడి తట్టను పిల్ల తండ్రి చేతికి ఇవ్వాలి. ఆయన అందుకుంటే మాట ఖాయం. రాహుకాలం రాకముందే కానియ్యాలని మా అమ్మ దారిపొడుగునా చెబుతూనే ఉంది. మామ తట్ట చేతిలోకి తీసుకుని లేచాడు. లేచినవాడు ఇవ్వొచ్చు కదా! ఆ ఇంటి టీవీ మీద ఆయన కన్ను పడింది.

"మీ ఇంట్లో ఆ బాక్సింగ్ చానలు వస్తాదా అన్నా?"

"వస్తాది" అన్నాడు కుడతినాయన. "నాట్యప్పది ఏస్తే డ్యూటీకి గూడా లేటుగా పోతా."

మామ చాపిన తట్ట వెనక్కి వచ్చింది. "నాట్యప్పనా? మా బుల్డోజరప్ప ముందర ఆ ఎగురుడు నిలుస్తాదా? ఒక్క గుద్దు సాలు."

"గుద్దాలంటే తగలల్ల కదప్పా. టర్బైన్ యానాడన్నా చూసినావా? అది గుద్దదు, తిరుగుతాది. తిరిగితేనే మీ షెడ్డులో టీవీ పలికేది."

"ఆ టర్బైన్‌కు బొగ్గు యాడిదన్నా? బుల్డోజర్ తవ్వితే వచ్చిందే గదా!"

ఈ దెబ్బకు మా వైపువాళ్లు గట్టిగా నవ్వారు. కుడతినాయన నవ్వలేదు. "మీ వోడు కొట్టిందంతా సత్తా లేనోళ్లను. నాట్యప్ప కొట్టినోళ్లు ఒక్కొక్కడు ఒక కొండ" అన్నాడు. "కొండల గురించి మాకు చెప్తాండావా?" అన్నాడు మామ. అమ్మ నా జుబ్బా అంచు పట్టి లాగుతోంది. రాహుకాలం వీధి చివరికి వచ్చేసింది. అప్పుడు మామ తట్టను రొమ్ముకు హత్తుకుని, "పేపరోడు ఉండాడు కదా, వాడే చెప్పనీ. వాడు చెప్పినాంకనే ఈ తట్ట కదిలేది. ఏమ్‌రా అల్లుడా?" అన్నాడు.

బుల్డోజరప్ప గెలుస్తాడంటే కుడతినాయన తట్ట అందుకోడు. నాట్యప్ప గెలుస్తాడంటే మామ తట్ట ఇవ్వడు. తలుపు పక్కన కాఫీ పళ్లెంతో నిలబడిన అమ్మాయి కూడా నా వైపే చూస్తోంది. నేను గొంతు సవరించుకుని, ఉద్యోగంలో నేర్చుకున్న విద్యనంతా ఉపయోగించి, "ఇద్దరికీ సమాన అవకాశాలు ఉన్నాయని పరిశీలకులు భావిస్తున్నారు" అన్నాను.

కుడతినాయన నా వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

"ఎవురప్పా ఆ పరిశీలకులు?" అన్నాడు కుడతినాయన, మర్యాదగానే. "యాడుంటారు?"

"సుమ్నె కూసో రా, నోరు మూసుకోని!" అన్నాడు మామ. "నిన్ను చదివించిన దుడ్డుకు లారీ టైర్లన్నా వచ్చిండేవి!"

ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి ఇద్దరూ ఒక్కమాట మీద ఉన్నారు, నేను పనికిరానివాడినని. అయినా తగువు తెగలేదు కాబట్టి, ఇక చేసి చూపించడమే మార్గమని తేలింది. కుడతినాయన పంచె ఎగగట్టి, మునివేళ్ల మీద లేచి, గదిలో కుర్చీల చుట్టూ ఎగరడం మొదలుపెట్టాడు. మామ ఎడమచేత్తో తట్టను విడవకుండా (అది విడిస్తే ఓటమి ఒప్పుకున్నట్టని ఆయన అభిప్రాయం) కుడి పిడికిలి బిగించి వెంటపడ్డాడు. ప్రాయంలో ఉన్న ఇద్దరు ప్రపంచ వీరులు. ఒకరి మోకాలు ప్రతి గెంతుకూ టక్కుమంటోంది. రెండోవారి బొజ్జ, మనిషి ఆగిన తర్వాత కూడా కాసేపు ముందుకు పోతోంది. రెండు చుట్లు తిరిగేసరికి నాట్యప్పకు నోరు ఎండిపోయింది. "ఇప్పుడు చూడు!" అని మామ గాలిలోకి బలమైన గుద్దు విసిరాడు. గుద్దు ఎవరికీ తగల్లేదు గాని మామ నడుం పట్టేసింది. "అమ్మా!" అని ఆయన వంగిపోయాడు, తట్ట చేయి జారింది. సరిగ్గా అప్పుడే కుడతినాయన ఇక చేతకాక వెనకనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ కాలు ఒకటి పక్కకు తిరిగింది. ఆయన నేలకు దిగాడు, ఆకులు, వక్కలు, పసుపుతో సహా తట్ట ఆయన ఒళ్లోకి దిగింది. కొబ్బరికాయ మాత్రం దొర్లుకుంటూ వంటింట్లోకి పోయింది.

"పడింది నువ్వు!" అన్నాడు మామ, వంగినవాడు వంగినట్టే.

"తట్ట ఎవురికాడ ఉండాదో చూస్కో" అన్నాడు కుడతినాయన, లేవకుండానే.

"గెలిచినోళ్లెవురో తేలిస్తే వాళ్లకే కాఫీ ఇస్తా" అంది అమ్మాయి. "చల్లారిపోతాంది."

ఇంతసేపూ గోడకానుకుని ఆకు నములుతున్న పిల్ల నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఇంగ సాలించండప్పా. తట్ట మీ వోళ్ల చేతిలోంచి మా వోళ్ల ఒళ్లో పడె. మార్చుకునేదంటే ఇంగేముండాది? ఆయ్తు, అయిపాయె. ఆ కొబ్బరికాయ ఎవురన్నా ఎత్తుకురాండి." మా అమ్మ ఒక్క ఉదుటున పోయి కాయ తెచ్చింది. రాహుకాలం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మామను ఇద్దరు పట్టుకుని కారెక్కించారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు పర్మిట్లు ఆగిపోయాయి, కొండల మీద పని నిలిచిపోయింది. తెల్లచొక్కాలు నిజంగానే తెల్లగా ఉండే రోజులొచ్చాయి. మామ లారీల చక్రాల మధ్యనుంచి సర్కారు తుమ్మ మొలిచింది. షెడ్డు లేదు, ఆ ఓనర్లూ లేరు. మామ, కుడతినాయన మాత్రం ఆదివారాలు మా ఇంట్లో ఒకే ఫోను ముందు తలలు ఆనించి కూర్చుంటారు. నాట్యప్ప ఎగురుతుంటే ఇద్దరి కాళ్లూ చాప మీద కొంచెం కదులుతాయి. "మంచి ప్రాయంలో ఉండింటే..." అని ఒకరు మొదలుపెడతారు. ఎవరి గురించి అంటున్నారో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేం.

మొన్న ఆదివారం వాళ్లను చూస్తూ, తలకు రంగు వేసుకుంటున్న నేను, (అవును, నేనూ అక్కడికి చేరాను) మా ఆవిడను అడిగాను: "నేను నా ప్రాయంలో, నువ్వు నీ ప్రాయంలో ఉండి ఎదురుపడితే ఎవరు గెలిచేవాళ్లం?"

ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "నీకు ప్రాయం ఎప్పుడొచ్చె? నేను ఊర్లో లేనప్పుడేమన్నా వచ్చిపాయెనా?"

చాప మీది ఇద్దరూ ఫోను ఆపి నా వైపు చూశారు. ఈసారి సమాన అవకాశాలు ఉన్నాయని ఏ పరిశీలకుడూ భావించలేదు.