వేడెక్కిన కారు, మేనత్త పరీక్ష

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాత కారుండేది. నెక్కొండలో కిరాణా దుకాణం నడిపే మా నాన్న దాన్ని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకునేది. ఎండలో కొంతదూరం నడిపి ఆపితే మాత్రం, అత్తవారింట్లో కొత్తల్లుడిలా అలిగి కూర్చునేది.

ఒక ఎండాకాలం మా మేనత్తను ఇంటర్ పరీక్షకు వరంగల్ తీసుకెళ్తున్నాం. అంతకుముందు ఏడాది ఆమె తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తానని తాతయ్య తేల్చి చెప్పాడు. పరీక్ష మధ్యాహ్నం. ఊరు చూడొచ్చని నేనూ ఎక్కాను.

వరంగల్ ఇంకా రాకముందే రైలు గేటు పడింది. గేటు పడితే ఇంజిన్ ఆపేయడం నాన్నకు అలవాటు. రాలిన పప్పుగింజను కూడా ఏరి గోతంలో వేసే మనిషి, ఊరికే పెట్రోలు కాలుతుంటే చూస్తూ ఎలా కూర్చుంటాడు? రైలు వెళ్లింది, గేటు లేచింది, వెనక లారీలు హారన్లు మోగించాయి. మా కారు మాత్రం కదలలేదు.

వేడికి ఇంజిన్ పక్కనున్న పంపులోనే పెట్రోలు ఆవిరవుతుందని, తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగాలని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. నాన్నకది తెలుసు. తెలిసీ, చెల్లెలి పరీక్ష భయంలో తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఇంజిన్ మూలుగు సన్నబడుతోంది.

మేనత్త దిగి వచ్చింది. "అన్నా, తాళం ఇటియ్యి. ఇంక తిప్పితే బ్యాటరీ సుత పోతది. కాగే పాలల్ల తోడేస్తే పెరుగైతదా? జర చల్లారనియ్యి."

"నా ఫికర్ నీకేం తెలుస్తది," అన్నాడు నాన్న.

"పరీక్ష నాది. నాకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?"

నాన్న తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అక్కడున్నవాళ్లు నలుగురు కలిసి కారును పక్కకు నెట్టారు. మేనత్త మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో తువ్వాలు తడిపి నాన్న చేత పంపుకు చుట్టించింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం కూడా తెరవకుండా తుమ్మచెట్టు నీడన కూర్చుంది. నాన్న కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఈమెకు ఇంత నిబ్బరం ఎక్కడిదా అనుకుంటూ అత్త చెయ్యి పట్టుకున్నాను. అంత ఎండలోనూ అది చల్లగా ఉంది, వణుకుతోంది. నేను ఆమె మొహంలోకి చూశాను.

"మీ నాయినకు చెప్పకు," అంది మెల్లగా.

చల్లారాక కారు మారాం చేయకుండా కదిలింది. మేం చేరేసరికి గంట కొట్టేశారు. బతిమాలితే లోపలికి రానిచ్చారు. ఆ ఏడు ఆమె పాసైంది, పెళ్లిమాట కొన్నాళ్లు వెనక్కి పోయింది.

భయంలేని వాళ్లే నిదానంగా ఉంటారని అప్పటిదాకా అనుకునేదాన్ని. భయపడుతూ కూడా ఆగవచ్చని ఆ తుమ్మచెట్టు కింద తెలిసింది. ఇప్పుడు ఇంట్లో ఏ ఆపద వచ్చినా నేను ముందు కాసేపు కూర్చుంటాను. అమ్మది ఎంత గుండెనిబ్బరమో అంటారు పిల్లలు. వాళ్లెవరూ ఇంతవరకు నా చెయ్యి పట్టుకుని చూడలేదు.