విరుదునగరం సంతలో నేను లాగేసిన తువాలు

కోవిల్‌పట్టిలో ఉదయం ఏడుంబావుకు రైలుబండెక్కాం, నేనూ రంగమ్మా. రంగమ్మ మా వారికి వరసకు తమ్ముడైన రామస్వామి నాయుడి కూతురు, పద్నాలుగేళ్ల పిల్ల. మదురైలో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల హైస్కూల్లో దాన్ని చేర్పించడానికే ఈ ప్రయాణం. రెండేళ్లుగా వానల్లేవు. హాస్టలు ఫీజుకని మా మరిది ఉన్న ఒక్క జత ఎడ్లనూ రెండు రోజుల ముందే విరుదునగరం సంతకు తోలుకుపోయాడు. మేం అక్కడ దిగి, ఫీజు డబ్బు అందుకుని, మధ్యాహ్నం బండికి మదురై వెళ్లాలి. ఆడవాళ్ల పెట్టెలో చోటు దొరుకుతుంది గాని, కిటికీ పక్కన కూర్చోకండి, కళ్లనిండా బొగ్గు నలుసులే.

మా హెడ్‌మిస్ట్రెస్ దొరసానికి ఇంగ్లీషు నుడికారమంటే పిచ్చి. నాలుగైనా అడగందే ఏ పిల్లనీ చేర్చుకోదు. అందుకని బండిలోనే పాఠం మొదలెట్టాను. వెనక ఇంగ్లండు సంతల్లో పందిపిల్ల అని చెప్పి సంచిలో పిల్లిని కట్టి అంటగట్టేవాళ్లట. గుట్టు బయటపెట్టడాన్ని సంచిలోంచి పిల్లిని వదలడమనేది అందుకేనట.

సాత్తూరులో దోసకాయల గంపతో ఎక్కిన అవ్వ విని నోరు నొక్కుకుంది. "పిల్లిని కొన్నోళ్లా తల్లీ మనల్ని ఏలేది!"

పెట్టెంతా నవ్వు. నేను నవ్వకుండా తర్వాతిది చెప్పాను. నిజాయితీగా జరిగే పనిని 'ఎబవ్ బోర్డ్' అంటారు, అంటే బల్లపైన. పేకాటలో చేతులు బల్ల కింద పెట్టినవాడు ముక్క మారుస్తున్నట్టే.

"చెయ్యి దాస్తే దొంగేనా పెద్దమ్మా? మా పక్క..."

"దొంగ కాకపోతే దాచడమెందుకే?" అని నోరు మూయించాను.

తొమ్మిదింటికి విరుదునగరం. పెద్దవాళ్లు ఇంకా విరుదుపట్టి అనే అంటారు. స్టేషను బయట ఇడ్లీ బాగుంది, కాఫీ జోలికి పోకండి. సంత పావుగంట నడక.

అక్కడ మా మరిది ఒక దళారి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి చేతులమీదా తువాలు కప్పి ఉంది. నోట మాట లేదు, గుడ్డ కింద వేళ్లు మాత్రం కదులుతున్నాయి. ముక్కుసూటి మనిషనుకున్న మరిది, పట్టపగలు, కూతురి చదువు కోసం ఇలాంటి బేరమా! రంగమ్మ నా కొంగు పట్టి లాగుతోంది. నేనాగితేగా.

"నోటితో చెప్పలేని ధరేమిటయ్యా!" అంటూ తువాలు లాగేశాను.

దళారి గుప్పిట్లో మా మరిది మూడు వేళ్లు. చుట్టూ ఉన్న బేరగాళ్లంతా ఆ వేళ్లు చూశారు. ఒకడు పకపకా నవ్వాడు. "అంతకు దిగిపోయినాడా నాయుడు!"

దళారి తల పట్టుకున్నాడు. "ఏమి పని చేస్తివమ్మా! ఆఖరి ధర వేళ్లతో నాకొక్కడికే చెప్పినాడు. అది గుట్టుగా ఉంటే నలుగురి దగ్గరా పైకి లాగేవాణ్ణి. ఎంత ఇరుకులో ఉండాడో ఇప్పుడు సంతకంతా తెలిసిపోయె."

నేను రంగమ్మ వైపు చూశాను. "మా పక్క బేరం ఇట్లేనని బండిలో చెప్పబోతిని పెద్దమ్మా, నువ్వు చెప్పనీలే," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ ఆఖరి ధర ఫీజుకు సరిగ్గా సరిపోయేది. పన్నెండు దాకా నిలబడ్డాం. వచ్చినవాడల్లా అంతకు తక్కువే అడిగాడు. తక్కువైంది నేనిస్తానన్నాను.

"వద్దు వదినా," అన్నాడు మరిది, నా మొహం చూడకుండా. "అందరి ముందరా ఇంకొక చెయ్యి చాపలేను. పిల్ల చదువు అటెనక చూస్తాము."

రంగమ్మ ఒక ఎద్దు పలుపు అందుకుంది. ఇద్దరూ దక్షిణానికి, ఊరి దారి పట్టారు.

రెండింటి బండికి ఒక్కదాన్నే ఎక్కాను. బి.ఏ. పట్టా ఉంది, ఇరవయ్యేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, చదివిస్తానని బయల్దేరదీసిన పిల్ల చదువును నా చేత్తోనే ఆపాను. విరుదునగరం వెళ్లేవాళ్లు బండి వేళలు అడగండి, ఏ హోటల్లో తినాలో అడగండి, చెబుతాను. ఆ సంతలో ఏది మోసమో, ఏది మర్యాదో మాత్రం నన్నడక్కండి.