రాగి రేకు, రాళ్ళ ఉప్పు, ఒక ఎర్ర గిటారు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు రకాల కుర్రాళ్ళు ఉండేవారు. కోచింగుకు వచ్చినవాళ్ళు ఒక రకం, కోచింగుకు వచ్చి గిటారు కొన్నవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం. నడిరోడ్డు మీద మెట్రో స్తంభాలు ఒక్కొక్కటిగా లేస్తున్న కాలం అది. ఆ దుమ్ములో, ఆ హారన్లలో నిలబడి కూడా సంగీతం గురించి ఆలోచించేవాణ్ణంటే నా పట్టుదల ఎలాంటిదో మీరే ఊహించుకోవచ్చు. (పట్టుదల అన్నది నా మాట. మా నాన్న దానికి వేరే మాట వాడేవాడు.) నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి బ్యాంకు పరీక్షల కోసం వచ్చి, మూడుసార్లు రాసి, మూడుసార్లూ బ్యాంకులకే అదృష్టం లేదని తేల్చుకుని, ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ల్యాబు చూసుకునే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఎవరో వదిలించుకుంటున్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటారును నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నది ఆ ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే.

ఇల్లంటే మన్సూరాబాద్‌లో ఒక మిద్దె మీద రేకుల గది. నాతో పాటు ఆ గదిలో ఉండేవాణ్ణి అందరూ సౌండ్ ఇంజనీరు అనేవారు. వాడు గుంటూరు వైపువాడు. చదివింది సివిల్ ఇంజనీరింగు, అందులోనూ కొన్ని సబ్జెక్టులు అప్పటికింకా వాడి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. అయినా ఒక పాత ల్యాప్‌టాపు, అన్నం డబ్బా అంత సౌండ్ కార్డు, ఒక మైకు, చెవులు మొత్తం మూసేసే హెడ్‌ఫోన్లు సంపాదించి గదిని స్టూడియో అనేవాడు. జుట్టు భుజాల దాకా పెంచాడు. స్టూడియోలో పనిచేసేవాళ్ళకి జుట్టు అలాగే ఉంటుందని వాడి నమ్మకం. ప్రతిధ్వని రాకూడదని గోడలకు బొంతలు వేలాడదీసి, చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపేసి, ఏప్రిల్ ఎండలో రేకుల కింద ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. వాయించేదీ పాడేదీ నేను, తల ఊపేది వాడు.

అన్నీ బాగానే ఉండేవి గానీ, ఒక మూలుగు ఉండేది. గిటారుకు వైరు తగిలించగానే స్పీకర్లోంచి 'గుయ్' మని మొదలయ్యేది. పక్క గదిలో ఎవరో జ్వరంతో పడుకున్నట్టు ఆపకుండా మూలిగేది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గేది, తీస్తే మళ్ళీ మామూలే. పైగా పాడేటప్పుడు పెదవి మైకుకు తగిలిందంటే చురుక్కుమని షాక్ కొట్టేది. "అదేరా మామా, ఆ పల్లవి దగ్గర నీ గొంతులో బాధ పలికింది చూడు, అదే కావాలి నాకు" అని మురిసిపోయేవాడు సౌండ్ ఇంజనీరు. అది బాధ కాదు, కరెంటు. రెండేళ్ళలో మేము మొదలుపెట్టిన పాటలన్నీ ఆ మూలుగు వల్లే సగంలో ఆగిపోయాయి. అలాగని ఇద్దరం మనస్ఫూర్తిగా నమ్మాం. మూలుగే లేకపోతే ఈపాటికి ఎక్కడ ఉండేవాళ్ళమో అని ఎల్బీనగర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఎన్ని సాయంత్రాలు బాధపడ్డామో లెక్కలేదు.

ఇలా ఉండగా మా కోచింగ్ సెంటర్లో జావా నేర్చుకునే ఒకతను షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడని తెలిసింది. జావా కంటే దాన్నే శ్రద్ధగా నేర్చుకుంటున్నాడు కాబట్టి అందరం అతన్ని డైరెక్టర్ అనేవాళ్ళం. సినిమాకు ఒక పాట కావాలన్నాడు. నేను వెంటనే మేమిస్తామన్నాను. "పదిహేను రోజులల్ల ఇయ్యాలె అన్నా, లేకుంటే వేరే దోస్తు దగ్గర తీస్కుంట" అన్నాడు. జీవితంలో మొదటిసారి నా పాటను ఒకరు అడిగారు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఇది పోతే ఇంక నేను జన్మంతా ల్యాబులో కీబోర్డుల దుమ్ము దులుపుతూ ఉండిపోతానని నాకు గట్టిగా అనిపించింది.

మరునాడే దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక పెద్దాయన, కరెంటు పనులు చేసే భాయ్ దగ్గరికి పోయి గోడు వెళ్ళబోసుకున్నాం. ఆయన గదికి వచ్చి ప్లగ్గు విప్పి చూసి నవ్వాడు. "అర్తింగ్ లేదు బేటా. ఇల్లు కట్టినోడు మూడో తీగె అయితే ఏసిండు గని, అది గోడలనే ఆగిపోయింది, భూమిలకు దిగలే. నడుముల మట్టం గుంత తియ్యాలె, రాగి రేకు పెట్టాలె, మీదికెళ్ళి బొగ్గు, ఉప్పు, మల్ల బొగ్గు, మల్ల ఉప్పు. రోజు నీళ్ళు పొయ్యాలె. షాక్ బంద్, ఆవాజ్ బంద్. ఓనర్‌ను అడుగుండ్రి, నేనే ఒచ్చి చేస్త" అన్నాడు. ఓనర్‌ను అడగమన్న ఆ ఒక్క మాట తప్ప మిగతావన్నీ తు.చ. తప్పకుండా పాటించాం.

అడగకపోవడానికి కారణం ఉంది. కింద ఉండే మా ఓనరమ్మ పోచంపల్లి వైపు నుంచి వచ్చిన మనిషి. మంచిదే గానీ, గోడకు మేకు కొడితే తన ఒంట్లో దిగినట్టు బాధపడేది. అందుకని ఓనరమ్మ, అంకుల్, వాళ్ళ పెద్దకొడుకు ముగ్గురూ ఏదో ఫంక్షన్‌కు పోయిన ఆదివారం సాయంత్రం ముహూర్తం పెట్టుకున్నాం. బొగ్గు ఇస్త్రీ బండి దగ్గర దొరికింది. రాళ్ళ ఉప్పు కిరాణా కొట్లో దొరికింది. రాగి రేకు మాత్రం పాత్రల దుకాణంలో అడగాల్సి వచ్చింది. "ఏ యంత్రానికి? గీతలు గీయించాల్నా?" అన్నాడు దుకాణదారు. వద్దు, ఉత్త రేకు చాలు, భూమిలో పాతడానికి అన్నాం. ఆయన మమ్మల్ని అదోలా చూసి, చిల్లర చేతిలో పెట్టకుండా గల్లా మీద పెట్టాడు. అప్పుడైనా మాకు వెలగాల్సింది.

ఇంటి వెనక మూలన నేను గుంత తవ్వాను. (నడుము లోతు అన్నారు గానీ మోకాలి లోతుకే నా నడుము పోయింది.) రేకుకు తీగ కట్టి, గోడ మీదుగా పైకి గదిలోకి లాగాం. సౌండ్ ఇంజనీరు మిద్దె మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జుట్టు విరబోసుకుని నిలబడ్డాడు. చెవులు మూసుకుపోయినవాడికి తను ఎంత గట్టిగా అరుస్తున్నాడో తెలియదు కదా.

"ఇంకా మూలుగుతుందిరా!" అని కేక వేశాడు.

"ఉప్పేస్తున్న, జర ఆగు!" అన్నాను కింది నుంచి.

"తగ్గింది! కానీ పోలేదు! ఇంకా ఇక్కడే ఉంది!"

"బొగ్గేసిన! ఇప్పుడు?"

"నీళ్ళు పొయ్యి! ఆఁ... పోతుంది... పోతుంది... పోయింది! పూర్తిగా పోయిందిరా మామా!"

నేను పారతో సహా ఎగిరి గంతేశాను. తల తిప్పితే పక్కింటి కిటికీలో మిషన్ అక్క కనిపించింది. బట్టలు కుట్టే ఆవిడ, ఎప్పుడూ పలకరించి నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు. కిటికీ మూసేసింది.

పొద్దున్నే పిలుపు వచ్చింది. ఓనరమ్మ అరుగు మీద కూర్చుంది. అంకుల్ వెనకాల నిలబడ్డాడు. "ఏం పాతిపెట్టిండ్రు బిడ్డా మా ఇంటి మూలకు?" అంది.

"అర్తింగ్ అమ్మా, కరెంటు కోసం."

"రాగి రేకు పెట్టిండ్రట?"

"అవునమ్మా."

"ఉప్పు, బొగ్గు గుడ ఏసిండ్రట? గదీ ఆదివారం అమాస నాడు?"

అమావాస్య అని మాకెవరు చెప్పాలి? మా గోడలకు బొంతలే గానీ క్యాలెండరు లేదు. సౌండ్ ఇంజనీరు ముందుకొచ్చి, "భయపడకండి ఆంటీ, అది మీకే మంచిది. ఇంట్లో ఉన్న చెడంతా ఆ తీగలోంచి భూమిలోకి దిగిపోతుంది" అని శాస్త్రం వివరించాడు. దాంతో మా పని అయిపోయింది. అంకుల్ ఆవేశంగా "తీసి పారేస్త ఇప్పుడే" అన్నాడు. "తియ్యి, నువ్వే తియ్యి పో" అంది ఓనరమ్మ. అంకుల్‌కు సరిగ్గా ఆ క్షణంలోనే నడుము నొప్పి గుర్తొచ్చింది. చివరికి ఓనరమ్మ తీర్పు చెప్పింది. "పాతినోళ్ళే తియ్యాలె. ఒచ్చే ఆదివారం మీరే తీసి, రూము ఖాళీ చెయ్యుండ్రి. అప్పటిదాక ఆ మూలకు ఒక్కలు పోవద్దు."

అంటే మూలుగు లేని గది మాకు ఏడు రోజులు ఉంది. ఇల్లు వెతుక్కోవాలన్న ధ్యాసే లేదు, సాయంత్రం ఆరింటికల్లా గదికి పరుగెత్తడం, బొంతలు సర్దుకోవడం, వాయించడం. సోమవారం గది నిశ్శబ్దంగా ఉంది. మంగళవారం సన్నగా ఏదో వినిపించింది. బుధవారానికి మూలుగు తిరిగొచ్చింది. భాయ్ చెప్పినట్టు రోజూ నీళ్ళు పొయ్యాలి కదా, గుంత ఎండిపోయింది. ఆ మూలకు పోతే ఓనరమ్మ కాళ్ళు విరగ్గొడుతుంది. మిద్దె మీద నుంచి గురి చూసి మగ్గుతో నీళ్ళు విసిరాం. సగం అంకుల్ ఆరేసుకున్న పంచె మీద పడ్డాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. డైరెక్టర్‌కు ఫోన్ చేసి వేరే దోస్తును చూసుకోమని చెప్పేద్దామా అనుకున్నాను.

గురువారం సాయంత్రం ఓనరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా ఉంది. ముందే ఖాళీ చేయమంటుందేమోనని నేను గిటారును వీపు వెనక దాచుకున్నాను. "మా పెద్దోనికి కుదిరింది బిడ్డా!" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం చూసుకునే ఆ పెద్దకొడుక్కి ఏడేళ్ళుగా సంబంధాలు చూస్తూనే ఉన్నారు. "చౌటుప్పల్ పిల్ల. మొన్న చూసి పొయ్యిండ్రు, ఇయ్యాల ఒప్పుకున్నరు. ఏం చేసిండ్రో ఏమో, మా ఇంటికి పట్టిన పీడ పోయింది. మీరు యాడికీ పోవద్దు. కమ్మగ తినుండ్రి" అని నా నోట్లో బర్ఫీ కుక్కింది. నిజం చెబుదామని నోరు తెరవబోయాను. (బర్ఫీ పెద్దది. అది మింగేలోపు నా నిజాయితీ కూడా లోపలికి పోయింది.)

మరునాడు పొద్దున చూస్తే గుంతకు పసుపు, కుంకుమ, చుట్టూ ముగ్గు. ఓనరమ్మ తలస్నానం చేసి చెంబెడు కాదు, బిందెడు నీళ్ళు పోస్తోంది. సాయంత్రం ఇంకో బిందె. మన్సూరాబాద్ మొత్తంలో అంత భక్తిగా నీళ్ళు తాగిన ఎర్తింగ్ ఇంకొకటి ఉండదు. మిషన్ అక్క వచ్చి, "మా ఇంట్ల గుడ పెట్టుండ్రి తమ్ముడూ, మీకు పుణ్యముంటది" అని బతిమాలింది. సౌండ్ ఇంజనీరు వద్దనలేదు, శనివారం పొద్దున పోయి పెట్టి వచ్చాడు. ఎన్నాళ్ళుగానో ఆమె కుట్టు మిషన్ మోటారు షాక్ కొడుతోందట, ఆ రోజుతో ఆగిపోయింది. ఈ కథలో నిజంగా జరిగిన మహిమ అదొక్కటే.

శనివారం సాయంత్రం పాట పూర్తి చేశాం. ఆదివారం గది ఖాళీ చేయాల్సిన వేళకు ఇద్దరం నేల మీద కూర్చుని మొదటి నుంచి విన్నాం. మూలుగు లేదు. ఇంత శుభ్రమైన నిశ్శబ్దం మా స్పీకర్లలోంచి ఎప్పుడూ రాలేదు. ఆ నిశ్శబ్దంలో నా గిటారు మొదలైంది. తాళం ఒక దారి, నేను ఒక దారి. వేళ్ళు ఒక తీగను నొక్కబోయి పక్కదాన్ని గీరిన చప్పుడు కూడా స్పష్టంగా ఉంది. చరణంలో నా గొంతు శ్రుతిని వెతుక్కుంటూ పోయి, చివరిదాకా దొరక్క, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. షాక్ లేదు కాబట్టి బాధ కూడా పలకలేదు. రెండేళ్ళుగా మేము తిట్టిపోసిన మూలుగు పాపం నా మీద ఇంత పెద్ద దుప్పటి కప్పి కాపాడిందని అప్పుడు తెలిసింది. పాట అయ్యాక సౌండ్ ఇంజనీరు లేచి ఫ్యాను వేశాడు.

"మూలుగు మాత్రం లేదు మామా" అన్నాడు.

డైరెక్టర్ కూడా మర్యాదస్తుడే. రెండుసార్లు విన్నాడు. "రికార్డింగ్ మస్తుంది అన్నా. ఎవలు చేసిండ్రు? ఆ అన్నను మా షూటింగ్‌కు పంపవా?" అన్నాడు. నా గురించి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. పైకి నవ్వుతూ సౌండ్ ఇంజనీరును పంపించాను గానీ, వారం రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. అసూయే, ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. వాడు అట్నుంచటే సినిమాల సౌండు పనిలోకి పోయి స్థిరపడ్డాడు. నేను మరుసటి ఏడు ఇంకో పరీక్ష రాశాను, ఈసారి బ్యాంకుకు అదృష్టం కలిసొచ్చింది. గిటారును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఇల్లు మారినప్పుడల్లా అది ఒక అటక మీది నుంచి ఇంకో అటక మీదికి మారేది.

మొన్నామధ్య వాడు పాత డిస్కులు సర్దుకుంటూ ఆ పాట దొరికిందని ఫోన్‌కు పంపించాడు. నా భార్యకు ఈ సంగతులేవీ తెలియవు. బ్యాంకు మేనేజరుకు పరువు ఉండాలి కదా. ఆదివారం మధ్యాహ్నం హాల్లో కూర్చుని నెమ్మదిగా పెట్టుకుని వింటున్నాను. నా గొంతు ఇంకా ఎత్తుకోలేదు, గిటారు ఒక్కటే మోగుతుండగా వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "ఎవలు వాయిస్తున్రు? కొత్తగ నేర్చుకుంటున్నట్టున్నడు."

"అవు, ఎవలో పిలగాడు" అన్నాను.

"మంచిగనే ఒస్తది తియ్యి, ఇడిసిపెట్టకుంటె" అంది ఆమె, పోపు వేస్తూ.

నేను పాట ఆపలేదు. చివరిదాకా, ఆ శ్రుతి దొరకని చరణంతో సహా విన్నాను. ఆ తర్వాత లేచి వంటింటి గుమ్మం దాకా పోయి, అటక ఎక్కడానికి మన స్టూలు ఎక్కడుందని అడిగాను.