ముక్కాయన ద్రాక్షతోట

దీవిలో అందరూ ఆయన్ని ముక్కాయన అంటారు. చేతికి గ్లాసు ఇస్తే చాలు, అందులో ముక్కు దూర్చి, కళ్ళు మూసుకుని, రేవులో పడవ వచ్చి వెళ్ళేంతసేపు కదలకుండా ఉంటాడు. తర్వాత మెల్లగా తలెత్తి, "ఎండిన అత్తిపండు... కాస్త పొగ... చివర్లో తడిసిన రాయి" అంటాడు. విన్నవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. పన్నెండేళ్ళుగా ఆయనకు ఏ వాసనా తెలియదన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య.

ద్రాక్షతోట పెట్టకముందు ఆయన అవతలి ఒడ్డున పట్నంలో పురుగుమందుల కొట్టు నడిపాడు. ఒకటీ అరా కాదు, ఇరవై ఏడేళ్ళు. కొనేవాడు డబ్బా పట్టుకుని కాస్త జంకితే చాలు, ఈయన మూత తీసి, గుండెల నిండా పీల్చి, "చూశావా? నాకేమైనా అయిందా?" అనేవాడు. రోజుకు పదిసార్లు అనేవాడు. బేరం కుదిరేది. నిజంగానే ఏమీ కాలేదు, ముక్కు ఒక్కటి తప్ప. అది కూడా ఒక్కరోజులో పోలేదు, చెప్పకుండా మానేసిన పనివాడిలా రోజుకింత తగ్గుతూ వెళ్ళిపోయింది. ఒక పొద్దున పొయ్యి మీద పాలు మాడి గది నిండా పొగ కమ్ముతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. భార్య పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, మాడు వాసన రాలేదా?"

"వచ్చింది. నువ్వు చూసుకుంటావులే అని ఊరుకున్నా."

ఆవిడ ఆ మాట నమ్మినట్టు నటించింది. కాపురాలు నిలబడేది ఇలాంటి నటనల మీదే.

కొట్టు మూయించింది మాత్రం ముక్కు కాదు, ఒక బుట్టెడు ద్రాక్షపళ్ళు. పాతిక సంవత్సరాలుగా ఆయన దగ్గరే మందులు కొంటున్న ఒక రైతు, అభిమానం కొద్దీ తెచ్చి ఇచ్చాడు. "భయపడకుండా తినండి, ఇవి మందు కొట్టని మూలవి. మా ఇంటికోసం ఆ నాలుగు వరసలూ వదిలేస్తాం" అన్నాడు. ఎందుకని అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "పిల్లలు తింటారు కదండీ" అన్నాడు. ఆ రైతు మనసులో ఏమీ లేదు, పాపం. ముక్కాయనకు మాత్రం అన్నం సయించలేదు. తను అమ్మినదాన్ని తమ ముందు పీల్చి చూపిస్తే నమ్మినవాళ్ళంతా, ఇంటికి వెళ్ళి నాలుగు వరసలు వదిలేస్తున్నారన్నమాట. నమ్మింది తనొక్కడే. ఏడాది తిరక్కుండా కొట్టు మూసేసి, దీవిలో మేకలు కూడా ఆలోచించి ఎక్కే ఒక రాళ్ళ వాలు కొన్నాడు. మందు చుక్క తగలని తోట వేసి, ఎర్ర వైను తీస్తానన్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే బావా," అన్నాడు బావమరిది. అన్నాడే గానీ, నేల కొనడానికి సగం సొమ్ము పెట్టింది అతనే. ఒక షరతు పెట్టాడు. నాలుగో పంట వైనును దీవి బయట ఎవరూ కోరి కొనకపోతే తోట పీకేసి, సముద్రం కనబడేలా యాత్రికుల గదులు కట్టాలి. ముక్కాయన వెంటనే ఒప్పుకున్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. సముద్రం ఒడ్డుకు కొట్టిన నాచుని బస్తాలకెత్తి, ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి ఎరువు చేశాడు. ఉప్పుగాలి తగలకుండా నడుమెత్తు రాతిగోడ కట్టాడు. నత్తలు చిగుళ్ళు తింటుంటే, పాత అలవాటుతో చేయి దేనికోసమో అలమారవైపు వెళ్ళింది, ఖాళీ అర తడిమి వెనక్కొచ్చింది. మర్నాడు పన్నెండు బాతుల్ని తెచ్చాడు. బాతులు నత్తల్ని తిన్నాయి, చిగుళ్ళలో కూడా తమ వాటా తీసుకున్నాయి. మూడేళ్ళకి వ్యవసాయ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి మట్టి తవ్వి, ఆకులు కోసి, సీసాల్లో పట్టుకెళ్ళి, ఈ తోటలో రసాయనమేదీ లేదని కాగితం పంపించాడు. ముక్కాయన దాన్ని చట్రం కట్టించి వాకిట్లో వేలాడదీశాడు.

ఆ ఏడే మొదటి వైను. దీవిలోని పెద్దమనుషుల్ని పిలిచి గ్లాసులు నింపాడు. అందరూ మొహమాటానికి గుటకేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, బాగుందన్నారు. నాలిక్కి పులుపు తగిలినా, లేత వైను అలాగే ఉంటుందని పుస్తకంలో రాసి ఉందన్నాడు ముక్కాయన. అందని ద్రాక్ష పుల్లనంటారు గానీ, ఆయనకి అందినదే పుల్లగా తయారైంది. అంతలో భార్య గడపలో అడుగుపెట్టి, "ఇంత వెనిగర్ ఎవరు తెచ్చారు?" అంది.

ఆవిడ జన్మలో చుక్క తాగలేదు. తాగేవాళ్ళంటే గిట్టదు. కానీ ముక్కు ఉందే, అది వర్షాన్ని ఒకరోజు ముందే పట్టేస్తుంది. అప్పట్నుంచి ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. రోజూ పొద్దున ఆవిడ పీపాల గదిలోకి వెళ్ళి, ఒక్కో పీపా మూత తీసి వాసన చూసి, కుళాయి కింద సుద్దముక్కతో గుర్తు పెడుతుంది. ఒక గీతంటే బాగుంది. రెండు గీతలంటే ఇంకా ఆగాలి. సున్నా అంటే వంటింటికి పంపాలి. తర్వాత ఆయన వెళ్ళి, గీతలు చూసుకుని, జనం ముందు ముక్కు దూర్చి, అత్తిపండూ పొగా అంటాడు. రెండో పంటకి పేరొచ్చింది, మూడోదానికి ఇంకా పేరొచ్చింది. పేరంతా ముక్కాయనదే.

నాలుగో పంట పీపాల్లో ఉండగా, పట్నంలోని పెద్ద హోటలు తరఫున వైన్లు ఎంచే ఒకావిడ వస్తున్నానని కబురు పెట్టింది. తోట ఉండేదీ ఊడేదీ తేలేది ఆ రోజే. ముక్కాయన రెండు రోజులు గది కడిగాడు. ఆ పొద్దున పీపాల మీది సుద్దగీతలు చూశాడు. ఇవేమిటని అడిగితే ఏం చెప్పను? వెనక తలుపు దగ్గర నిలబడి, "మూడోది బంగారం, మూడోది బంగారం" అని నాలుగుసార్లు వల్లించి, తడిగుడ్డతో అన్నీ తుడిచేశాడు.

హోటలావిడ ముందు తలుపులోంచి వచ్చింది. వెంట బావమరిది కూడా ఉన్నాడు. భార్య గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెనకాలే వచ్చింది.

"మీరు కూడా తయారీలో సాయం చేస్తారా అమ్మా?" అని హోటలావిడ అడిగింది.

భార్య నోరు తెరిచేలోపే ముక్కాయన నవ్వేశాడు. "మా ఆవిడకి ఇవేం తెలీవండి. వైనంటే ముక్కు మూసుకుంటుంది."

భార్య పళ్ళెం బల్ల మీద పెట్టి గోడకానుకుని నిలబడింది.

ముక్కాయన హుందాగా నడిచి మూడో పీపా కుళాయి తిప్పాడు. ముందు తలుపు నుంచి లెక్కపెడితే మూడోది. పొద్దున తను వల్లించింది వెనక తలుపు నుంచి మూడోదాన్నని, ఏడు పీపాల్లో ఇది అటునుంచి ఐదోది అవుతుందని ఆయనకి తట్టలేదు. అది సున్నా పీపా. గ్లాసులో ముక్కు దూర్చి, కళ్ళు మూసుకుని, తలెత్తి, "ఎండిన అత్తిపండు..." అన్నాడు.

హోటలావిడ గ్లాసు ముక్కు దాకా తెచ్చి, అంతే వేగంగా దించేసింది. "ఏమండీ, ఈ ఘాటు మీకు రాలేదా?"

బావమరిది గడియారం చూసుకున్నాడు. ముక్కాయన భార్యవైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బాతుల్ని చూస్తోంది. వచ్చింది, కావాలనే చూపించాను అని ఒక మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఇలాంటివి ఆయనకి కొత్త కాదు. కానీ ఇంకో గ్లాసు నింపాలంటే ఏ పీపా నుంచి? ఏడూ ఒకేలా శుభ్రంగా మెరుస్తున్నాయి. ఆయన తుడిచినవే. అప్పుడు ఆయనకి సిగ్గేసింది. తోట పోతుందని కాదు, ఒక్క మెచ్చుకోలు మాటకి అంత కక్కుర్తి పడినందుకు సిగ్గేసింది.

"రాలేదండీ," అన్నాడు. "నాకు వాసన తెలీదు. పన్నెండేళ్ళయింది. కొట్లో మందు డబ్బాలు పీల్చి చూపించి, నాకేమైనా అయిందా అనేవాణ్ణి. అయింది. ఈ వైనంతా మా ఆవిడ ముక్కే."

భార్య కొంగుకి చేతులు తుడుచుకుని వచ్చి, ఒక్కో పీపా దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఐదోదాని ముందు నిలబడింది. "ఇది పట్టుకెళ్ళండి. అటు చివరిది వచ్చే చలికాలానికి బాగుంటుంది. ఇందాకటిది నాకు వదిలెయ్యండి, వంటకి పనికొస్తుంది."

హోటలావిడ ఐదో పీపాది ఒక గుటక తాగింది. మరో గుటక తాగింది. పీపా మొత్తం కావాలంది, చలికాలందీ తమకే ఉంచమంది. "మీరూ రుచి చూడండి" అని గ్లాసు ఇవ్వబోతే, "ఛీ, నేను తాగనండి" అంది భార్య. బావమరిది తను తెచ్చిన యాత్రికుల గదుల నక్షాని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పడవ వెళ్ళిపోయాక ఇద్దరూ రాతిగోడ మీద కూర్చున్నారు. ముక్కాయన అడిగాడు.

"ఇంత ముక్కు పెట్టుకుని, కొట్టు నుంచొచ్చిన నన్ను ఇరవై ఏడేళ్ళు ఎలా భరించావే?"

"ముక్కు అటు తిప్పి పడుకునేదాన్ని."

ఆయన కాస్త ఎడంగా జరిగాడు. "ఆ మందు వాసన ఇప్పటికీ వస్తోందా?"

ఆవిడ ఒంగి ఆయన చొక్కా మెడపట్టీ వాసన చూసింది. "చెమట. మట్టి. అంతే. దీవికొచ్చిన రెండో ఏడే పోయింది."

అంటే ఆఫీసు కాగితం కంటే ఏడాది ముందు. "మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళి, చట్రం కట్టిన కాగితాన్ని కాసేపు చూశాడు. తర్వాత పీపాల గదిలోకి వెళ్ళి, సుద్దముక్క వెతికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.